ఆహ్వానం వచ్చాక ఆగిపోతున్నాం: రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖల పెద్దలకు,

నమస్కారం.

నేను ప్రింట్‌మేకర్‌ని. జింకు రేకు మీద బొమ్మ గీసి, యాసిడ్‌లో వేసి, ఇంకు పట్టించి, ప్రెస్సు మీద కాగితానికి ఎక్కించే పని నాది. మాది ఖమ్మం పక్కన ఊరు. ఇప్పుడు హైదరాబాద్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఒక గదిలో మేము, ఇంకో గదిలో ప్రెస్సు. వారానికి నాలుగు రోజులు ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ చెబుతాను.

ప్లేట్లు దాచుకునే సొరుగులో అడుగున ఒక ఉత్తరం ఉంది. 2016లో యూరప్ నుంచి వచ్చింది. ఎనిమిది వారాల రెసిడెన్సీకి మిమ్మల్ని ఎంపిక చేశాం, ఉండటానికి గది, పనికి స్టూడియో, వాడుకోవడానికి ప్రెస్సు, వారం వారం భత్యం ఇస్తాం అని అందులో ఉంది. చివరి పేరాలో ఒక లైన్: ప్రయాణం ఖర్చులు మీవే. ఆ లైన్ దగ్గర ఆగిపోయాను. వెళ్ళలేదు.

మీకు రోజూ వచ్చే ఉత్తరాల్లో హాలు ఇప్పించమనేవి, ప్రారంభోత్సవానికి రమ్మనేవి చాలానే ఉంటాయని తెలుసు. నేను అడుగుతున్నది టికెట్ డబ్బు. నా ఒక్కదానికే కాదు, విదేశం నుంచి పిలుపు అందుకున్న ప్రతి తెలుగు కళాకారుడికీ. అదీ వెళ్ళొచ్చాక కాదు, వెళ్ళే ముందు.

రెసిడెన్సీ అనగానే చాలామంది ఫారిన్ టూర్ అనుకుంటారు. మా చుట్టాల్లో ఒకాయన "అక్కడికెళ్ళి ఏం అమ్ముకొస్తావమ్మా" అని అడిగాడు. అమ్మేదేమీ ఉండదు. కొన్ని వారాలో, కొన్ని నెలలో మన పని మనం చేసుకోవడానికి చోటిచ్చి వదిలేస్తారు. పారిస్‌లో సితే ఇంటర్నేషనల్ దెజార్ అని 1965 నుంచి నడుస్తున్న చోటు ఉంది, 300కి పైగా స్టూడియోలు. ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్ అకాడమీ ఏకంగా రెండేళ్ళు ఉంచుకుంటుంది. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ అడవుల్లో మెక్‌డవెల్ అని 1907లో మొదలైనది ఒకటి ఉంది. అక్కడ మధ్యాహ్నం భోజనం బుట్టలో సర్ది స్టూడియో గుమ్మంలో పెట్టి వెళ్ళిపోతారట. తలుపు కూడా కొట్టరు, పని చెడుతుందని.

ఆ బుట్ట సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను పొయ్యి దగ్గర ఉన్నాను. మా పని ఎలాంటిదో ఒక్క ముక్క చెప్పనివ్వండి. ప్లేటు యాసిడ్‌లో వేశాక గడియారం చూస్తూ కూర్చోవాలి. తీయాల్సిన నిమిషానికి తీయకపోతే గీత లావెక్కిపోతుంది, మళ్ళీ సన్నం కాదు. ఇంట్లో పనిచేసేటప్పుడు సరిగ్గా ఆ నిమిషానికే కుక్కర్ మూడో విజిల్ వేస్తుంది, లేదా నీళ్ళ ట్యాంకర్ వస్తుంది. నా ప్లేట్లలో కుక్కర్ వల్ల లావెక్కిన గీతలు చాలా ఉన్నాయి. ఒక ప్రదర్శనలో ఒక విమర్శకుడు వాటినే మెచ్చుకున్నాడనుకోండి, అది వేరే సంగతి.

ఈ చోట్లలో కొన్ని రానుపోను చార్జీలతో సహా అన్నీ పెట్టుకుంటాయి. స్విట్జర్లాండ్ ఆర్ట్స్ కౌన్సిల్ ప్రో హెల్వెషియాకి న్యూఢిల్లీలో ఆఫీసు ఉంది. దక్షిణాసియా కళాకారులను మూడు నెలల దాకా స్విట్జర్లాండ్ పిలిచి టికెట్, బస, భత్యం అన్నీ తనే చూసుకుంటుంది. ఇలాంటివి తక్కువ, పోటీ చాలా ఎక్కువ. మిగతా చాలావాటిలో స్టూడియో వాళ్ళది, టికెట్ మనది. భత్యం ఉన్నా అక్కడికి చేరాకే చేతికొస్తుంది. విమానం ఎక్కేదాకా అయ్యే ప్రతి రూపాయీ మన జేబులోంచే.

ఇది వాళ్ళ పిసినారితనం అని చాలాకాలం అనుకున్నాను. 2019లో ఇంకో చోటికి వెళ్ళాక అర్థమైంది. నాతో పాటు ఉన్న కెనడా శిల్పికి టికెట్ డబ్బు కెనడా కౌన్సిల్ అనే వాళ్ళ ప్రభుత్వ కళా సంస్థ ఇచ్చింది. సింగపూర్ అబ్బాయికి వాళ్ళ నేషనల్ ఆర్ట్స్ కౌన్సిల్ ఇచ్చింది. "నీకెవరిచ్చారు?" అని అడిగారు. "మా అక్క" అన్నాను. అదేదో ఫౌండేషన్ పేరనుకున్నారు! పిలిచేవాళ్ళు ఆ చివరి లైన్ రాసేటప్పుడు ప్రతి కళాకారుడి వెనకా ఒక కౌన్సిల్ ఉంటుందన్న లెక్కతోనే రాస్తారు. మన వెనక ఆ కుర్చీ ఖాళీగా ఉంది.

2016 సంగతికి వస్తాను. ఆ ఉత్తరం పట్టుకుని ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్ళాను. అది ఏ ఊళ్ళో ఏ ఆఫీసో చెప్పను, అక్కడ నాతో ఎవరూ కటువుగా మాట్లాడలేదు. టీ కూడా ఇప్పించారు. "మంచి విషయం అమ్మా, వెళ్ళి రండి. వచ్చాక బోర్డింగ్ పాసులు, బిల్లులు పెట్టండి, రూల్ ప్రకారం చూద్దాం" అన్నారు. "సార్, వెళ్ళడానికే డబ్బుల్లేవు" అన్నాను. "అందరిదీ అదే కథమ్మా" అని ఒక ఫారం చేతికిచ్చారు. మొత్తం ఇంగ్లీషులో ఉంది. అది నృత్య బృందాల కోసం తయారుచేసిన ఫారం. బృందం పేరు, సభ్యుల సంఖ్య, వాయిద్యాల బరువు. నేను సభ్యుల సంఖ్య దగ్గర ఒకటి అని, వాయిద్యాల బరువు దగ్గర జింకు ప్లేట్లు తొమ్మిది కిలోలు అని రాసి ఇచ్చాను. రెసిడెన్సీ ముగిసిన ఐదు నెలలకి జవాబు వచ్చింది: పూర్తి వివరాలు మూడు కాపీల్లో పంపవలెను.

వాళ్ళ తప్పు అని కూడా అనలేను. వాళ్ళ దగ్గర ఉన్న ఫారం అదే. ఒక్క మనిషి, ఒంటరిగా, ప్రదర్శన ఇవ్వడానికి కాకుండా ఊరికే పనిచేసుకోవడానికి విదేశం వెళ్తాడన్న ఊహకి ఆ కాగితంలో గడి లేదు.

2019లో ఇంకో చోటు నుంచి పిలుపు వచ్చింది. ఈసారి మా అక్క ఎవరినీ అడగనివ్వలేదు. తన రెండు గాజులు తాకట్టు పెట్టి 85 వేలు తెచ్చింది. అంతటితో అయిపోయిందనుకున్నాను. వీసా మిగిలి ఉందని అప్పుడు తెలిసింది.

యూరప్ వెళ్ళడానికి కావాల్సిన షెంగెన్ వీసాకి ఏమేం అడుగుతారో మీ ఆఫీసులో చాలామందికి తెలిసే ఉంటుంది, పిల్లల్ని చూడటానికి వెళ్ళొస్తుంటారు కాబట్టి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు, కనీసం 30 వేల యూరోల ఇన్సూరెన్స్. ఫీజు అప్పట్లో 60 యూరోలు, ఇప్పుడు 90. నా స్టేట్‌మెంట్‌లో జీతం పడిన రోజు ఒక అంకె, ఐదో తారీఖుకల్లా ఇంకో అంకె. రిటర్నులు ఎప్పుడూ వేయలేదు, వేసేంత సంపాదన ఉంటే కదా. (నా తోటి కళాకారులు ఇది చదువుతుంటే ఒక మాట: పన్ను కట్టాల్సింది ఏమీ లేకపోయినా ఏటా రిటర్ను వేయండి. ఆ కాగితం ఒకరోజు పనికొస్తుంది.) చివరికి బావగారి రిటర్నులు, ఆయన పూచీ కాగితం పెట్టాం. కౌంటర్‌లో కుర్రాడు "ఆర్టిస్ట్ అంటే సినిమాలా మేడమ్?" అన్నాడు. కాదు, ప్రింట్‌మేకర్ అన్నాను. "ఓ, ఫ్లెక్సీలు" అని రాసుకున్నాడు.

నాకు వీసా వచ్చింది. మరుసటి ఏడాదికి పిలుపున్న నా మిత్రుడికి రాలేదు. సిద్దిపేట వైపు కుర్రాడు, మట్టితో పనిచేస్తాడు, నా కంటే గట్టివాడు. తిరస్కరించిన కాగితం మీద అచ్చేసిన కారణాల జాబితా ఉంటుంది, అందులో ఒకదాని పక్కన టిక్కు పెట్టి ఇస్తారు. వీసా గడువు తీరేలోపు మీరు తిరిగి వెళ్తారన్న నమ్మకం కలగలేదు అనే దాని పక్కన పెట్టారు. పెళ్ళి కాలేదు, ఉద్యోగం లేదు, పొలం వాళ్ళ నాన్న పేరు మీద ఉంది. ఎందుకు తిరిగొస్తాడని వాళ్ళ అనుమానం. అతని బట్టీ ఇక్కడుంది, మట్టి ఇక్కడుంది అని చెప్పడానికి ఆ ఫారంలో చోటు లేదు.

ఇక్కడ మీరు చేయగలిగిన పనికి పైసా ఖర్చు లేదు. మీ శాఖ లెటర్‌హెడ్ మీద మూడు వాక్యాలు. ఇతను మా రాష్ట్ర కళాకారుడు, ఫలానా సంస్థ పిలిచింది నిజమే, ప్రయాణం ఖర్చు మేం ఇస్తున్నాం. సంతకం, స్టాంపు. వీసా ఇచ్చి తీరాలన్న పూచీ ఆ కాగితానికి లేకపోవచ్చు. కానీ ఒంటరి కుర్రాడి ఫైలులో ఒక ప్రభుత్వం నిలబడి కనిపిస్తుంది.

నా ప్లేట్లు ఎయిర్‌పోర్టులో స్కానర్ దగ్గర ఆగాయి. సూట్‌కేసు తెరిపించి, పాత చీరల్లో చుట్టిన రేకులు ఒక్కొక్కటీ బయటికి తీశారు. ఒక కానిస్టేబులు ఒకదాన్ని లైటు కింద వంచి చూసి "చేతులా? మిరపకాయలు ఒలుస్తున్నట్టున్నారే" అన్నాడు. జింకు రేకు మీద బొమ్మ తిరగేసి ఉంటుంది, మామూలు కంటికి సరిగా ఆనదు. అయినా పట్టుకున్నాడు. గుంటూరు వైపు మనిషి అనుకుంటాను.

ఆ చేతులు మా అమ్మవి. ఖమ్మంలో మిర్చి తొడిమలు తీసే పనికి పోయేది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, దరఖాస్తుల్లో మన వాళ్ళు ఎక్కడ తప్పిపోతున్నారో ఇందులో ఉంది. ప్రతి రెసిడెన్సీకీ, ప్రతి గ్రాంటుకీ ఒక పేజీ రాయాలి, నా పని ఏమిటి, ఎందుకు చేస్తున్నాను అని. మొదటి ఆరేళ్ళూ నేను పెద్ద గ్యాలరీల కేటలాగుల్లోంచి మాటలు ఏరుకొచ్చి అతికించాను. నా బొమ్మలు శ్రమ అనే భావనను ప్రశ్నిస్తాయి, శరీరానికీ స్థలానికీ మధ్య అంతరాన్ని శోధిస్తాయి, ఇలా. పద్నాలుగు చోట్లకి పంపాను, పద్నాలుగూ తిరిగొచ్చాయి. ఒక రాత్రి విసుగొచ్చి తెలుగులో రాసుకున్నాను. "పగలంతా మిర్చి తొడిమలు తీసిన చేతులు రాత్రికి మండుతాయి. అమ్మ ఇంటికొచ్చాక మమ్మల్ని ముట్టుకునేది కాదు, మా కళ్ళు మండుతాయని. మోచేత్తో దుప్పటి కప్పేది." దాన్నే ఒక స్నేహితురాలు ఇంగ్లీషులోకి మార్చి పెట్టింది. 2016 ఉత్తరం దానికి వచ్చిందే. 2019లో వెళ్ళినప్పుడు కూడా మొదటి రోజు నన్ను అడిగింది మోచేయి గురించే.

తెలుగులో ఆలోచించినదాన్ని పాడుచేయకుండా ఇంగ్లీషులోకి మార్చిపెట్టే మనిషి ప్రతి కళాకారుడికీ దొరకదు. బెంగళూరులో 1993 నుంచి ఉన్న ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ అనే సంస్థ గ్రాంటు ప్రతిపాదన ఏ భారతీయ భాషలోనైనా రాయొచ్చు అంటుంది. ఈ సంగతి తెలిసిన తెలుగు కళాకారులు నాకు నలుగురైదుగురు కూడా తగల్లేదు. బెంగళూరులో కూర్చున్న వాళ్ళు మన తెలుగు చదువుతామంటున్నారు, చదివించేవాళ్ళం మనమే లేం.

తెలియకపోవడం గురించి ఇంకా చెప్పాలి. న్యూయార్క్‌లో 1985లో ఏర్పడిన పొలాక్ క్రాస్‌నర్ ఫౌండేషన్ ఏ దేశపు చిత్రకారుడికైనా, శిల్పికైనా, ప్రింట్‌మేకర్‌కైనా గ్రాంటు ఇస్తుంది. పనితనంతో పాటు డబ్బు అవసరం ఎంతుందో కూడా చూస్తుంది. మన వాళ్ళు అక్కడే తడబడతారు, లేమి గురించి రాయడం నామోషీ అని. గాట్లీబ్ ఫౌండేషన్‌ది ఇంకో దారి, కనీసం 20 ఏళ్ళుగా నిలకడగా పనిచేస్తున్న వాళ్ళకే ఇస్తుంది. జిల్లాల్లో స్కూళ్ళ నుంచి రిటైరై, పట్టువదలకుండా బొమ్మలు వేస్తున్న డ్రాయింగ్ మాస్టార్లు మనకి ఎంతమంది! ఇటలీలో చివితెల్లా రానియేరి అనే కోటలో రెసిడెన్సీకి అసలు దరఖాస్తే ఉండదు, ఎవరో మన పేరు సూచించాలి, సూచించేది ఎవరో బయటికి చెప్పరు. మన పేర్లు అలాంటి వాళ్ళ చెవిన పడాలంటే ముందు మనం ఎక్కడో ఒకచోట కనబడి ఉండాలి. కనబడాలంటే కదలాలి. మళ్ళీ టికెట్ దగ్గరికే వచ్చాం.

చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారి గురించి మీ శాఖ పుస్తకాల్లో ఎక్కడో ఒక పేరా ఉండే ఉంటుంది. శాంతినికేతన్‌లో చదివి, లండన్ స్లేడ్ స్కూల్‌కి వెళ్ళి, అక్కడి నుంచి పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ నడిపే ఆతెలియే 17 అనే వర్క్‌షాపులో కుదురుకున్నారు. అక్కడ ఆయన, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ కలిసి ఒక పద్ధతి కనిపెట్టారు. మామూలుగా రంగుకో ప్లేటు కావాలి. వీళ్ళు ఒకే ప్లేటు మీద నూనె ఎక్కువున్న ఇంకు, తక్కువున్న ఇంకు వేరువేరుగా, మెత్తటి రోలరుతో ఒకటి, గట్టి రోలరుతో ఒకటి ఎక్కించారు. చిక్కనిది, పలుచనిది ఒకదాన్నొకటి తోసుకుని దేని చోట అది ఉంటుంది. ప్రెస్సులో ఒక్కసారి తిప్పితే అన్ని రంగులూ కాగితం మీద. విస్కోసిటీ ప్రింటింగ్ అని ఇవాళ ప్రపంచమంతా నేర్పుతున్నది అదే. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

నేను వెళ్ళిన స్టూడియోలో ప్రెస్సులు చూసుకునే పెద్దాయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం. నేను ఏ ఊరో చెప్పాక కాసేపు ఆలోచించి "రెడ్డి?" అన్నాడు. అవును, మా భాషవాడే అన్నాను. లోపలికెళ్ళి, ఎవరికీ ఇవ్వని మెత్తటి రోలరు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. చిత్తూరుకీ ఖమ్మానికీ ఎంత దూరమో, మధ్యలో ఇప్పుడొక రాష్ట్ర సరిహద్దు కూడా ఉందని అతనికి తెలీదు. నేనూ చెప్పలేదు.

కృష్ణారెడ్డి గారు నందనూరులోనే ఉండిపోయి ఉంటే ఆ పద్ధతి పుట్టేది కాదు. ప్రెస్సు కావాలి, పక్క బల్ల మీద ఇంకొకడు వేరే ఇంకుతో తంటాలు పడుతూ కనబడాలి. గుడివాడ చిత్రకారుడు ఎస్.వి. రామారావు గారు 1962లో కామన్వెల్త్ ఫెలోషిప్ మీద లండన్ వెళ్ళారు. ఆ తరం వెళ్ళింది ఇలాంటి ఫెలోషిప్పుల పుణ్యాన. వాళ్ళు పోయాక సంతాప సందేశాలు ఇస్తాం, తెలుగువాడి కీర్తి ఖండాంతరాలకు అని.

ఇంకో ఇబ్బంది, దీనికి మా మాస్టార్లు నన్ను తిట్టుకున్నా సరే. దరఖాస్తుకి ఇద్దరి సిఫారసు ఉత్తరాలు కావాలి. మన దగ్గర "నువ్వే రాసుకునిరామ్మా, సంతకం పెడతా" అనడం ఆనవాయితీ. ఇప్పుడది కుదరదు. మాస్టారి ఈమెయిల్‌కి నేరుగా లింకు వెళ్తుంది, ఆయనే తెరిచి ఉత్తరం ఎక్కించాలి. నా శిష్యురాలు ఒకమ్మాయి మొత్తం దరఖాస్తు నింపి, ఫీజు కోసం బాబాయి కార్డులో ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేయించి, 25 డాలర్లు కట్టి, గడువు రోజు రాత్రి సార్‌కి ఫోన్ మీద ఫోన్. సార్ పెళ్ళిలో ఉన్నారు. మెయిలు స్పామ్‌లో పడింది. పొద్దున లేచి చూసేసరికి లింకు మూసుకుపోయింది. లలితకళల కళాశాలలు మీ చేతిలో లేవని అంటారేమో, ఒక సర్క్యులర్ రాయించలేరా?

నకిలీల గురించి క్లుప్తంగా. "అభినందనలు, మీరు ఎంపికయ్యారు" అని వచ్చే మెయిళ్ళలో చాలా వాటికి ఎంపిక అనేదే లేదు. నెలకి ఇంత అని మనమే కట్టాలి, గది అద్దెకిచ్చే వ్యాపారం. తప్పనను, హోటలు కూడా వ్యాపారమే. కానీ ఊళ్ళో స్థలం అమ్మి పిల్లాడిని పంపిన తండ్రిని నేను చూశాను. తిరిగొచ్చాక ఆ పిల్లాడికి ఒక వేదిక మీద అంతర్జాతీయ పురస్కార గ్రహీత అని శాలువా కప్పారు. పిలిచి టికెట్ కొనివ్వని చోట, కొనుక్కున్నదానికి శాలువా దొరుకుతుంది. ఏది అసలుదో ఏది అద్దె గదో చూసి చెప్పే మనిషి ఒకరుంటే ఆ స్థలం మిగిలేది. కష్టమైన పని కాదు, రెస్ ఆర్టిస్, ట్రాన్స్ ఆర్టిస్ట్స్ లాంటి రెసిడెన్సీల జాబితాలు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిని నెలకోసారి చూసి, మనవాళ్ళకి పనికొచ్చేవి నాలుగు, గడువుతో సహా తెలుగులో రాసి పెట్టగలిగితే చాలు.

డబ్బు ఎక్కడిది అంటారు కదా, మీకు తెలియనిది చెప్పను. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది, ఫూలే బీసీ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చేసే పిల్లలకి 20 లక్షల దాకా ఇస్తున్నారు. మంచి పథకాలు, మా వాడలోంచే ఇద్దరు వెళ్ళారు. మేం చేసేది డిగ్రీ కాదు కాబట్టి ఆ గడప మేం తొక్కలేం. కేంద్ర సంస్కృతి శాఖ జూనియర్ ఫెలోషిప్ నెలకి 10 వేలు, సీనియర్‌ది 20 వేలు, ఉన్నచోట ఉండి పనిచేయడానికి. టికెట్‌కి నాకు తెలిసినంతలో ఎవరూ లేరు. ఏడాదికి నలభై మందికి, తలా లక్ష చొప్పున, ఒక్కో రాష్ట్రం 40 లక్షలు పక్కన పెడితే సరిపోతుంది. ఉత్సవాల ఫ్లెక్సీలకి ఎంతవుతుందో మీకే బాగా తెలుసు. కేరళ ప్రభుత్వం చేయి వేస్తే 2012లో మొదలైన కొచ్చి బినాలే అనే కళా ప్రదర్శన ఇవాళ ప్రపంచాన్ని కొచ్చికి రప్పిస్తోంది. అంత పెద్దది నేను అడగడం లేదు.

షరతులు పెట్టండి, వద్దనను. పిలుపు నిజమేనా అని ఆ సంస్థకి మెయిలు పెట్టి కనుక్కోండి. తిరిగొచ్చాక ఒక ప్రభుత్వ కళాశాలలో వారం రోజులు పిల్లలకి నేర్పాలి అనండి. చేరియాల పటాలు వేసే నకాషీలకీ, కలంకారీ వాళ్ళకీ ఇది వర్తించాలి, వాళ్ళది చేతివృత్తి కదా, ఆ శాఖకి వెళ్ళండి అని పంపేయకండి. బొమ్మ వేసేవాళ్ళే వాళ్ళూ. డబ్బు మాత్రం ఉత్తరం చూపిన ముప్పై రోజుల్లోపు చేతికి రావాలి. బోర్డింగ్ పాసు తర్వాత ఎలాగూ ఇస్తాం.

రాజమండ్రిలో ఒకప్పుడు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ప్రిన్సిపాల్ ఉండేవాడు. ప్రభుత్వోద్యోగి, మీలాగే. దామెర్ల రామారావు అనే కుర్రాడి గీతలు చూసి బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకి దారి చూపాడు. రామారావు 28 ఏళ్ళు నిండకుండానే, 1925లో, పోయాడు. అయినా ఇవాళ రాజమండ్రిలో ఆయన పేరు మీద గ్యాలరీ ఉంది, ప్రభుత్వమే చూసుకుంటోంది. అప్పట్లో దానికి పథకం లేదు, ప్రొఫార్మా లేదు, చూసిన మనిషి ఉన్నాడు అంతే.

మా అక్క గాజులు విడిపించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు అవి ఆమె చేతికే ఉన్నాయి, అందుకే ఈ ఉత్తరం కొంచెం నెమ్మదిగా రాయగలుగుతున్నాను.

పైన చెప్పానే, పెళ్ళిలో ఉన్న సార్ వల్ల గడువు తప్పిన అమ్మాయి, ఆమె ఈ ఏడు మళ్ళీ పెట్టింది, ఇంకో చోటికి. ఎంపికైంది. పది వారాలు, స్టూడియో ఉచితం, భత్యం ఉంది. చివరి పేరాలో ఆ లైన్ కూడా ఉంది. నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని టికెట్ చూశాం, రానుపోను 68 వేలు చూపిస్తోంది, రెండు చోట్ల ఆగేది. వాళ్ళమ్మ మంగళసూత్రం గురించి మాట్లాడుతోందట. వస్తున్నదీ లేనిదీ వచ్చే నెల 20లోపు చెప్పాలి. ఉత్తరం కాపీ, నేనే పూర్తిచేసిన దరఖాస్తు, మీ ఆఫీసు టపాలో వేశాను. ఫారం లేదు కాబట్టి తెల్ల కాగితం మీదే రాశాం, తెలుగులో.

ఇట్లు,
ఒక ప్రింట్‌మేకర్,
హైదరాబాద్